తలా రెండు సీసాలు

నేను మంచి కంపౌండరునని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం ఒకటి నా దగ్గర ఉంది. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక, లడ్డూలు పంచకముందు, జిల్లా పెద్దసారు తన చేత్తో ఇచ్చాడు. 'మందుల నిర్వహణలో కనబరచిన శ్రద్ధకు' అని ఉంటుంది అందులో. మా ఆవిడ దానికి ఫ్రేము కట్టించింది. రిటైరైన మర్నాడు గోడ మీంచి దింపి బీరువా వెనక్కి తోసేశాను. ఎందుకని ఆమె అడగలేదు, ఆమెకు తెలుసు. మీకు తెలియదు. మొన్న మన ఫార్మసిస్టుల సంఘం తరఫున మీరంతా నన్ను పిలిచి, శాలువా కప్పి, కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకు పనికొచ్చే అనుభవం ఏదైనా రాసివ్వమన్నారు. అనుభవం అంటే మీరేం ఊహించుకున్నారో గానీ, నా దగ్గర ఉన్నది ఇదొక్కటే.

ఊరి పేరు చెప్పను. కామారెడ్డిలో పొద్దున బస్సెక్కి, ఎల్లారెడ్డిలో దిగి, ఇంకో బస్సు మారి వెళ్లే ఊరు అనుకోండి. ఎనభైల నడుమ మాట. కాగితం మీద ముప్పై పడకల దవాఖాన. నిజంగా ఉన్నవి పదకొండు మంచాలు, మిగతా జనం కింద చాపల మీదే. డాక్టర్ల పోస్టులు మూడు, ఉన్నది ఒకాయన. నర్సుల పోస్టులు నాలుగు, ఉన్నది ఇద్దరు. కంపౌండర్ల పోస్టులు రెండు, ఉన్నది నేను. ఫార్మసిస్టు అనే మాట అప్పటికే వచ్చింది గానీ ఆ ఊళ్లో ఎవరి నోటా పలకలేదు. అందరికీ నేను కంపౌండర్ సాబునే.

వానలు పడ్డాయంటే మాకు పాముల కాలం. అక్కడ పాము అని పలకరు, పేరెత్తితే వస్తుందని భయం. 'పురుగు ముట్టింది' అంటారు. గడ్డి కోసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, కాలువ గట్టున నడిచేవాళ్లు, వారానికి ఇద్దరు ముగ్గురు బండ్ల మీద వచ్చేవారు. దానికి విరుగుడు మందు చిన్న సీసాల్లో పొడిగా వస్తుంది. నీళ్లలో కలిపి నరానికి ఎక్కించాలి. జిల్లా స్టోరు నుంచి వానాకాలం మొదట్లో ఒకే ఒక్కసారి వచ్చేది, మళ్లీ కావాలంటే దండం పెట్టినా రాదు. నా గదిలోని ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ని. అందరూ అందులో పెరుగు గిన్నెలు పెడుతున్నారని దానికి తాళం కూడా వేయించాను. తాళంచెవి నా జేబులో ఉండేది.

ఒక మనిషికి ఎన్ని సీసాలు కావాలన్నది పాము ఎంత విషం దింపిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండింటితో లేచి కూర్చునేవాళ్లు ఉంటారు, పది పట్టేవాళ్లూ ఉంటారు. ఈ సంగతి మందు డబ్బాలోని కాగితంలో స్పష్టంగా ఉంది. నేను చదివాను కూడా.

ఇక నా తెలివి సంగతి. నేను చెప్పబోయే వానాకాలానికి రెండేళ్ల ముందు ఒక సర్పంచి బావమరిదిని పాము కరిస్తే పన్నెండు సీసాలు ఎక్కించారు. మనిషి బతికాడు, నడుచుకుంటూ ఇంటికి పోయాడు. మూడో రోజు నాట్లకొచ్చిన కూలి మనిషిని తెచ్చారు. ఫ్రిజ్ ఖాళీ. వరండాలోనే ప్రాణం పోయింది. ఆమె తమ్ముడు నేను మందులిచ్చే కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు. "సర్పంచోళ్లకు పన్నెండు, మా అక్కకు ఒక్కటి లేదారా?" అన్నాడు. న్యాయం వాడిదేనని నాకు తెలుసు.

మా అబ్బాకు, అంటే మా నాన్నకు, కామారెడ్డిలో రేషను దుకాణం ఉండేది. చక్కెర తక్కువ వచ్చిన నెలలో ముందొచ్చినవాళ్లకు కార్డు ప్రకారం పోసేసి వెనకొచ్చినవాళ్లను తిప్పి పంపడం ఆయన పద్ధతి కాదు. కార్డుకు కిలో రాసి ఉంటే అందరికీ అరకిలో, ఇంకా తక్కువైతే పావు. ఖాళీ సంచితో ఎవరూ పోకూడదనేవాడు. అలా పోయినవాడే రాయి పట్టుకుని తిరిగొస్తాడనేవాడు. ఆయన దుకాణం మీద ఒక్కనాడు గొడవ జరగలేదు. చెంప మంటతో కూర్చుని నేను ఆ దుకాణాన్నే తలచుకున్నాను. మరుసటి వానాకాలం సరుకు రాగానే, వచ్చిన సీసాలను, రాబోయే వారాలను లెక్కేసుకుని, ఒక కాగితం ముక్క మీద ఎర్ర సిరాతో 'పాము కాటు: మనిషికి రెండు సీసాలు మాత్రమే' అని రాసి, అన్నం మెతుకులతో ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. డాక్టరుకు చూపిస్తే "మంచిగుందయ్యా, లొల్లి ఉండదు" అన్నాడు. సంతకం మాత్రం పెట్టలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడు వానలు అంతంత మాత్రమే. దసరా దాకా మందు నిలబడింది. జిల్లాలో ఇంకెక్కడా నిలబడలేదు. వాగు అవతలి దవాఖానలో శ్రావణంలోనే అయిపోయిందని అక్కడి కంపౌండరును మీటింగులో నిలబెట్టి కడిగేశారు. నన్ను చూపించి, ఇతన్ని చూసి నేర్చుకోమన్నారు. అతను నాకేసి చూసిన చూపు అసూయ అనుకున్నాను. మా దగ్గర తలా రెండు ఎక్కించాక ఇంటికి తీసుకుపోయిన వాళ్లలో ఎందరు బతికారో నేను గానీ, మెచ్చుకున్నవాళ్లు గానీ అడగలేదు. కాగితం మాత్రం మరుసటి ఆగస్టులో వచ్చింది. ఆ లడ్డూ తినే నాటికే, ఇప్పుడు చెప్పబోయే రెండో వానాకాలపు చావుల్లో రెండు అయిపోయాయి.

చీటీ అంటించిన రెండో ఏడు కుండపోత. కాలువలు పొంగి పుట్టల్లోకి నీళ్లు పోయాయి. ఉన్న ఇద్దరు నర్సుల్లో ఒకామె పురుడు సెలవులో ఉంది. మిగిలింది మా సిస్టరమ్మ ఒక్కతే. మెదక్ వైపు నుంచి వచ్చిన మనిషి, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. రోగులను తిట్టిపోసేది, ఆ తిట్టిన నోటితోనే వాళ్ల పిల్లలకు తన టిఫిన్ తినిపించేది. పొద్దున ఆమే, మధ్యాహ్నం ఆమే, రాత్రి పిలిస్తే క్వార్టరు నుంచి వచ్చేది ఆమే. కాబట్టి ఆ వానాకాలంలో దవాఖానలో ఎవరు పోయినా ఆమె చేతుల్లోనే పోయారు. నెలన్నరలో నలుగురు పోయారు, అందరూ పాము కాటువాళ్లే. మంత్రం వేయించుకున్నవాళ్లలో విషం లేని పాములు కరిచినవాళ్లు బతికారు, వాళ్ల కథ ఊరూరా పాకింది. మందు ఎక్కించుకున్నవాళ్లు పోయారు, వాళ్ల కథ అంతకన్నా వేగంగా పాకింది. "ఆ సిస్టరు సూది ఏస్తే మనిషి మిగలడట" అన్న మాట పుట్టింది.

దవాఖాన ముందటి చాయ్ హోటల్లో రోజూ దాని మీద వాదన నడిచేది. మా ముసలి అటెండరు యూనియన్ మనిషి. "మనుషులు లేరు బాబు. ఒక్క ఆడిమనిషి ముప్పై మందిని ఎట్ల సూస్తది? పోస్టులు నింపకుండ సర్కారే సంపుతున్నది" అనేవాడు. డాక్టరు తన గదిలో నాతో వేరే మాట అనేవాడు. "కాటు కేసును పక్కనే కూసొని చూడాలె. ఆమె చూస్తలేదు. గదే నిర్లక్ష్యమంటే." ఊరివాళ్ల మాట మూడోది. "కావాల్నే చేస్తున్నది. మనోళ్లంటే పడదు ఆమెకు." నేను చాయ్ తాగుతూ మూడూ వినేవాణ్ని. మూడింట్లోనూ ఫ్రిజ్ మాట లేదు. నాకూ తట్టలేదని చెబితే నమ్ముతారా? నిజంగానే తట్టలేదు. మా దగ్గర మందు అయిపోలేదు కదా, ఇక మా తప్పేముందని నా ధీమా.

వినాయక చవితి వెళ్లిన వారంలో ఒకరోజు పొద్దున పది గంటలకు ట్రాక్టరు మీద ఒక ఆడమనిషిని తెచ్చారు. గట్టు మీద గడ్డి కోస్తుంటే రక్తపింజర కరిచిందట. పెనిమిటి మస్కట్‌లో ఉన్నాడు, వెంట వచ్చింది అత్త. అప్పటికే కాలు తొడ దాకా వాచింది. ఆ రోజు డాక్టరు నిజామాబాదులో మీటింగులో ఉన్నాడు. సిస్టరమ్మ వచ్చి రెండు సీసాలు తీసుకుపోయింది. గంటన్నర తర్వాత మళ్లీ నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, రెండూ ఎక్కించిన. గాజు గొట్టంల రక్తం తీసి పెట్టిన, గడ్డ కడ్తలేదు. చిగుర్లకెల్లి కారుతనే ఉంది. ఇంకో ఆరన్న ఇయ్యి" అంది.

"ఆరా? రూలు తెల్వదా సిస్టరమ్మా?" అన్నాను.

"రూలు నువ్వు రాసిందే గదన్నా."

"సారు ఒప్పుకున్నదే. సాయంత్రానికి ఇంకొకలు వస్తే ఏమియ్యాలె? మల్ల నా చెంప పగలాల్నా?"

"వచ్చినప్పుడు సూద్దాం. ఇప్పుడున్నది ఈమె. లోపట ఎన్ని ఉన్నయ్?"

"పద్నాలుగు. ఇంకా నెలన్నర కాలం ఉంది."

ఆమె కిటికీ గట్టు మీద రెండు చేతులూ ఆనించి నన్ను చూసింది. "రాబోయేటోళ్ల కోసం ఉన్నామెను సంపుతమా?" అంది. అంత మాట అన్నందుకు నాకు కోపం వచ్చింది. మందును నా ఇంటికి మోసుకుపోతున్నానా, అమ్ముకుంటున్నానా? పేదవాడికీ పెద్దవాడికీ ఒకటే కొలత పెట్టిన మనిషిని పట్టుకుని అలా అంటుందా? "సారు రానీ" అని దగ్గు మందు సీసాలకు లేబుళ్లు అంటించడంలో మునిగిపోయాను.

పన్నెండున్నరకు ఇంకోసారి వచ్చి నిలబడి, నా మొహం చూసి వెళ్లిపోయింది. ఒంటిగంటకు వచ్చినప్పుడు మందు అడగలేదు. "తాళంచెవి ఇయ్యన్నా. నేనే గుంజుకున్న అని రాసుకో. నా మీదనే రాసుకో" అంది. నేను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కనబడుతుంది. సిగ్గేస్తుంది.

రెండు గంటలు దాటాక ఆ మనిషి పోయింది. డాక్టరు ఐదింటికి వచ్చాడు. ఆ సాయంత్రం ఇంకెవరూ రాలేదు. ఆ వారమంతా ఎవరూ రాలేదు.

అత్త వార్డులో సిస్టరమ్మ చెయ్యి పట్టుకుని గుంజింది. "నువ్వు సూది ఏసినంకనే గదా పోయింది నా కోడలు! వచ్చినప్పుడు మాట్లాడింది, నీళ్లడిగింది!" అని ఏడ్చింది. చుట్టూ జనం చేరారు. నలుగురి చావులు, ఈమెతో ఐదు, అన్నీ ఒకే చేతి మీద. కలెక్టరుకు దరఖాస్తు పోయింది. అందులో 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట ఉందట. ఆ మాట రాసిచ్చినవాడెవడో గానీ బాగా చదువుకున్నవాడే.

రెండు వారాల తర్వాత విచారణకు జిల్లా నుంచి ఒక పెద్ద డాక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ పొద్దున మా డాక్టరు నా గదిలోకి వచ్చి గోడలు, బీరువాలు చూసి, ఫ్రిజ్ దగ్గర ఆగాడు. "గీ చీటీ ఏందయ్యా? ఆఫీసరు వస్తున్నడు, జర సాఫ్ చేయి" అని వెళ్లిపోయాడు. అంతే అన్నాడు. నేను గుడ్డ తడిపి నెమ్మదిగా ఒత్తి, మెతుకులు నానాక, ఒక్క ముక్క మిగలకుండా చీటీ ఊడదీశాను. నాలుగుగా మడిచి స్టవ్ మంటలో పెట్టాను. ఇందాకటిదాకా చెప్పిన వాటిల్లో నాకు తట్టలేదన్నవి ఉన్నాయి. ఇది మాత్రం తట్టే చేశాను.

ఆఫీసరు లావు కళ్లద్దాల మనిషి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఒక్కొక్కరినే పిలిచాడు. అటెండరు పోస్టుల గురించి చెప్పాడు. డాక్టరు పర్యవేక్షణ గురించి చెప్పాడు. నన్ను పిలిచి, "మందు ఉండెనా?" అని అడిగాడు.

"ఉండె సార్. ఒక్క దినం గూడ అయిపోలే" అన్నాను. ఆ మాట అంటుంటే, తప్పదు చెప్పాలి, కొంచెం గర్వం కూడా కలిగింది. అనేశాక అర్థమైంది. మందు ఉంది, రోగి ఉంది, నడుమ ఉన్నది నర్సు.

"ఆమె అడిగినన్ని ఇచ్చినవా?"

"ఇచ్చిన సార్."

తర్వాత ఆమె వంతు. తలుపు తెరిచే ఉంది, నేను వరండాలో వింటూనే ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పింది, ఒక్క మాట పెంచలేదు. "ఫ్రిజ్ మీద చీటీ ఉన్నది సార్, ఎర్ర సిరాతోటి. మీరే సూడుండ్రి" అంది. ఆఫీసరు లేచి నా గదిలోకి వచ్చాడు. వెనక ఆమె, ఆమె వెనక డాక్టరు, అందరికన్నా వెనక నేను. ఫ్రిజ్ తలుపు ఏళ్ల దుమ్ముతో, చేతి మరకలతో పసుపెక్కి ఉంది. నడుమ అరచేయంత మేర నలుపలకలుగా తెల్లగా మెరుస్తోంది. చీటీ తీయాలని తట్టింది గానీ, తలుపంతా తుడవాలని నాకు తట్టలేదు.

ఆఫీసరు ఆ తెల్లటి చోటును చూశాడు. వేలితో ముట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. సిస్టరమ్మ కూడా చూసింది. ఆయన ఇప్పుడు అడుగుతాడని, అడిగితే చెప్పేద్దామని నేను నిలబడ్డాను. అలా అని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన అడగలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాయ్ తెప్పించమన్నాడు.

ఆ చాయ్ తాగుతూ డాక్టరుతో ఆయన అన్న మాటలు కప్పులు అందిస్తూ నేనే విన్నాను. "మనుషులు తక్కువని రాస్తే పైకి పోతది. కావాలని చేసిందంటే పోలీసుల దాంక పోతది. అజాగ్రత్త అని రాస్తే ఈడనే ఆగుతది." జీపు ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచాడు. "పది ఇండ్లు అంటుకున్నయ్, నీ దగ్గర ఒక ట్యాంకు నీళ్లున్నయ్ అనుకో. ఇంటికో బిందె పోస్తే ఏ ఇల్లు ఆరుతదయ్యా?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా ఎక్కి కూర్చున్నాడు.

అజాగ్రత్త అని రాసి ఆమెను సస్పెండు చేశారు. కొన్ని నెలలకు ఎక్కడికో బదిలీ మీద మళ్లీ తీసుకున్నారని విన్నాం. రేకు పెట్టెతో ఆమె బస్సెక్కిన పొద్దున అటెండరు ఒక్కడే సాగనంపాడు. నేను కిటికీలోనే ఉన్నాను.

ఇప్పటికీ ఎక్కడైనా దవాఖానలో మనిషి పోతే మీరు టీవీల్లో ఆ మూడు మాటలతోనే కొట్టుకుంటారు. మనుషులు తక్కువా, అజాగ్రత్తా, కావాలని చేశారా? నేను చూస్తుంటాను. మా దగ్గర పోస్టులు ఖాళీగా ఉన్నమాట నిజం. డబ్బాలో కాగితం చదివి కూడా రేషను దుకాణం నడిపానే, అది అజాగ్రత్త అనండి. చీటీ కాల్చి ఒక మనిషి బతుకు బుగ్గి చేశానే, దానికి మూడో మాటే సరిపోతుంది. ఆ మూడు మాటల కోసం మూడు రకాల మనుషులను వెతకనక్కరలేదు, కావాలంటే నన్ను పిలవండి. మరుసటి ఏడు నుంచి అడిగినన్ని ఇచ్చాను. శ్రావణంలోనే మందు అయిపోయింది. మిగతా వాళ్లను జీపుల్లో నిజామాబాదు తరలించాం. మీటింగులో నన్ను నిలబెట్టి కడిగేశారు. రెండేళ్ల కింద నావైపు అలా చూసిన వాగు అవతలి కంపౌండరు ఈసారి తల దించుకున్నాడు. అతని చూపు అసూయ కాదని, నా దగ్గర మందు ఎలా మిగిలిందో తెలిసినవాడి చూపని నాకు అప్పుడు తెలిసింది.

ఎనిమిదేళ్ల తర్వాత, నేను కామారెడ్డికి బదిలీ అయి వచ్చాక, బస్టాండులో ఒక మధ్యాహ్నం ఆమె కనబడింది. జుట్టు నెరిసింది. బిచ్కుంద బస్సు కోసం నిలబడి ఉంది, అటు వైపే పనిచేస్తోందట. తప్పించుకుందామనుకున్నాను, అంతలోనే చూసేసింది. ఆమే పలకరించింది.

"మంచిగున్నవా అన్నా?"

"సిస్టరమ్మా, ఆనాడు నేను..." అన్నాను.

"వాళ్లు రాసింది తప్పేం గాదన్నా" అంది. "అజాగ్రత్త నాది గూడ ఉన్నది. తాళమే గదా, ఒక రాయి పెట్టి కొడితే పలుగుతుండె. నౌకరీ పోతదని భయపడ్డ. ఆమె అత్త మొఖం నిద్రల గూడ వస్తది నాకు." తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నేను చేసినదాన్ని ఈమె ఇన్నేళ్లుగా మోస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు.

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని, మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"ఆ పద్నాలుగు సీసాలు ఏమైనయన్నా?"

ఎవరూ అడగని ప్రశ్న అది. ఆఫీసరు అడగలేదు, డాక్టరు అడగలేదు, కాగితం ఇచ్చిన పెద్దసారు అడగలేదు. ఆమె మీద పుట్టిన మాటకు భయపడి ఆ ఏడు ఇక పాము కాటువాళ్లెవరూ మా దవాఖాన మెట్లెక్కలేదు.

"గట్లనే ఉండిపోయినయ్. ఎండకాలంల డేటు అయిపోయింది సిస్టరమ్మా. దవాఖాన ఎనక గుంత తవ్వి పాతిపెట్టిన."

ఆమె తలూపింది. "ఆమెకు సరిపోతుండె" అని బస్సెక్కింది.